ఆకాశం మీద పజోరు

నిన్న భోజనం బెల్లు కొట్టే ముందు రెండు యుద్ధ విమానాలు మా బడి మీదుగా వెళ్ళాయి. రేకుల కప్పు గలగలలాడింది. మూడో తరగతి పిల్లలంతా ఒక్కసారిగా లేచి కిటికీకి అతుక్కుపోయారు. టీచర్నన్న సంగతి మర్చిపోయి నేనూ వాళ్ళ వెనకే నిలబడ్డాను. అవి ఎదుటి కొండ మీదుగా వంగి తిరిగి సముద్రం వైపు వెళ్ళిపోయాయి. చప్పుడు సద్దుమణిగింది. పిల్లలు కూర్చున్నారు. నేను మాత్రం ఇంకా దేనికోసమో చెవి ఒగ్గి నిలబడే ఉన్నాను. కాసేపటికి గాని అర్థం కాలేదు. వాటిని ఎవరూ తిట్టలేదు.

ఆమె పోయిన సంగతి నాకు తెలియక కాదు. పోయిన నెల వెళ్ళి గుప్పెడు మట్టి వేసి వచ్చినదాన్నే. అయినా ఆమె ఇక లేదని నాకు నిజంగా తెలిసింది నిన్ననే. ఏడుపు ఆగలేదు. పిల్లలు చూస్తారని బోర్డు వైపు తిరిగి, తుడిచిన బోర్డునే మళ్ళీ తుడిచాను.

పేరు రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. ఈ చుట్టుపక్కల అందరికీ ఆమె ఇమానాలప్ప. అప్ప అంటే మా వైపు అక్క. విమానాల అక్క అన్నమాట.

పొట్టి మనిషి. గడ్డం మాత్రం ఎప్పుడూ పైకే ఉండేది. ఈ కొండల్లో చాలామంది దారి చూపించాలంటే వేలెత్తరు, గడ్డం ఎత్తుతారు. ఈమె గడ్డం ఎప్పుడు చూసినా ఆకాశాన్నే చూపించేది. సంతలో చింతపండు బేరం జోరుగా సాగుతున్నా చెవి పైనే ఉండేది. ఎక్కడో సన్నగా మోత వినిపించిందంటే బేరం అక్కడితో ఆగిపోయేది. కొనేవాడు, "అప్పా, ఇత్తావా ఇవ్వవా?" అని విసుక్కుంటే, "ఉండ్రా, ఎవులో పోతన్నాడు," అనేది. ఆ పోయేవాడు కొండ దాటాకే తక్కెడ మళ్ళీ పైకి లేచేది.

ఏ విమానం ఏదో ఆమెకు తెలుసనుకునేరు. తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. అన్నిటికీ తనే పేర్లు పెట్టుకుంది. ఎత్తున తెల్లగీత గీసుకుంటూ పోయేది ముగ్గులోడు. హెలికాప్టరు కవ్వం. సముద్రం మీద కాపలా తిరిగే పెద్ద విమానం దారి తప్పి ఇటు వస్తే అది గేదె. యుద్ధ విమానాలు బేగీలు, ఎందుకంటే వాటికి బేగి పోవడం తప్ప ఇంకేమీ రాదట. "ఏటా తొందర? ఎవులి కొంపకి నిప్పంటుకున్నాదని?" అని కొండ మీద నుంచి కేకలేసేది. ఆ కేక లోయ దాటి మా బడి దాకా వినిపించేది. ఒకసారి ఆ విమానం అసలు పేరు చెప్పబోయాను.

"ఆ పేరు నీకు ఆడు సెప్పినాడా?" అంది.

"పుస్తకంలో ఉంది అప్పా."

"అయితే పుస్తకంలోది నువ్వు పిలుసుకో. నాది నాకుంది."

నాకూ విమానాల పిచ్చి ఉంది, దాచుకోను. మా నాన్న విశాఖ రేవులో పెయింటరు. బీచిలో విమానాల ప్రదర్శన జరిగిన ప్రతి ఏడూ నన్ను భుజాలమీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఆ భుజాల మీద పట్టిన పిచ్చి ఇంకా వదల్లేదు. ఈ కొండల్లో మిషను బడిలో ఉద్యోగం వచ్చినప్పుడు బట్టల కన్నా ముందు బైనాక్యులర్స్ సర్దుకున్నాను. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళకి ఈ సంగతి చెబితే, అదే కారణమని నమ్మేసి వెళ్ళిపోతారు. నాకూ అది హాయి.

ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఎదుటి కొండెక్కాను. కాఫీ తోట మధ్యలో ఒకచోట చెట్లు లేక ఆకాశం బాగా కనిపిస్తోంది. అక్కడ నిలబడ్డానో లేదో, వెనకనుంచి కేక వినిపించింది.

"ఎవులే అది? నా కిటికీలో నిలబడ్డావు!"

ఆ చెట్లు లేని జాగానే ఆమె కిటికీ. కాఫీకి నీడ కావాలి. అందుకే ఇక్కడి తోటలనిండా సిల్వరోకు చెట్లు, వాటిని అల్లుకుని మిరియాల తీగలు. ఆమె తోట నడిమధ్యన మాత్రం ఒక పెద్ద గుండ్రం ఖాళీగా ఉండేది. అక్కడి కాఫీ మొక్కలు ఎండకు ఆకులు పసుపెక్కి, కాపు లేక, బక్కచిక్కి ఉండేవి. కాఫీ ఆఫీసరు వచ్చినప్పుడల్లా నెత్తి బాదుకునేవాడు. ఒకసారి నేనక్కడ ఉండగానే వచ్చాడు.

"అమ్మా, ఇక్కడ మొక్క మాడిపోతోంది. సిల్వరోకు మొక్కలిస్తాను, పాతుకో."

"మాడనీ."

"నష్టం నీకే కదమ్మా!"

"నాకే గదా, నీకేటి? తోటంతా కాఫీకిచ్చీసినాను. ఇంత కన్నం నాకోసం ఉంచుకున్నాను."

ఆయన నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండి టీచరుగారూ," అన్నాడు. అప్పుడే గేదె వస్తోంది, పైకి చూస్తున్నాను.

మొదటి రోజునే నా బైనాక్యులర్స్ ఆమె చేతికిచ్చి, "కళ్ళకు పెట్టుకో అప్పా, దగ్గరగా కనిపిస్తుంది," అన్నాను. పక్కకు తోసేసింది. "ఆడు దూరంగా ఉన్నాడు. దగ్గిరకొచ్చినట్టు నానెందుకనుకోవాల? రావాలనుంటే ఆడే వత్తాడు," అంది. చాదస్తం అనుకున్నాను. చాదస్తం కాదు, పట్టుదల.

చైత్రంలో ఇక్కడ ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకని అడవికి పోతారు. ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా వెదురు పట్టుకుని, పాడుతూ, వచ్చిన ప్రతి బండినీ ఆపుతారు. బస్సయినా సరే, ఆఫీసరు జీపయినా సరే, పజోరు చెల్లించాకే వెదురు లేస్తుంది. పజోరంటే వాళ్ళ దారిన పోయినందుకు ఇచ్చుకునే పండగ కానుక. చేతిలో ఏమీ లేనివాడు దిగి ఒక ఆట ఆడాలి. లారీ డ్రైవర్లు లుంగీ ఎగ్గట్టి ఆడడం నేనే చూశాను. ఊరి ఆడవాళ్ళంతా రోడ్డు మీద ఉంటే, ఈమె మాత్రం వెదురు భుజాన వేసుకుని కొండ కొసకెక్కేది. విమానం మోత వినిపించగానే ఆ వెదుర్ని రెండు చేతులతో నెత్తిమీద అడ్డంగా పట్టుకుని, "ఆగరా! పజోరిచ్చి ఎల్లు!" అని అరిచేది.

ఊరంతా నవ్వేది. ఆమె కోడలికైతే తల కొట్టేసినట్టుండేది. మాట తక్కువ మనిషి, ఎవరు ఏమనుకుంటారో అని కొంగు నోట్లో కుక్కుకునే రకం. "సిగ్గుపోతంది అత్తా, దిగు," అని కిందనుంచి బతిమాలేది.

"సిగ్గు నాకెందుకే? రోడ్డు మీద పోయినోడు ఇవ్వాల. మన నెత్తిమీద పోయినోడు ఇవ్వక్కర్నేదా?"

నా దేవుణ్ణి కూడా వదిలిపెట్టలేదామె. "మీ ఏసుబాబు పైకెల్లిపోనాడంటారు గదా టీచరమ్మా, పజోరిచ్చే ఎల్లినాడా?" అని అడిగింది ఒక ఈస్టరు నాడు. ఈ సంగతి మా పాస్టరుగారికి చెప్పలేదు గాని, ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వాను.

అయితే ఆమె ఎదురుచూసేది ఈ బేగీల కోసమూ, గేదెల కోసమూ కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఒక కాఫీ కోతల కాలంలో, పళ్ళు ఏరి తట్టలో పోస్తూ తనే చెప్పింది.

ఆమె పుట్టిన ఊరు ఇది కాదు. ఇక్కడికి చాలా దూరాన, కొండల అవతల ఏటి ఒడ్డున ఉండేదట. ఆమె చిన్నపిల్లగా, వాళ్ళ మాటలో గుంటగా, ఉన్నప్పుడు, సోళ్ళు, అదే రాగులు, కోతకొచ్చిన రోజుల్లో, ఒక విమానం వచ్చింది. అంతకు ముందు ఆ ఊళ్ళో ఎవరూ విమానాన్ని చూడలేదు. రెండు రెక్కలకీ రెండు పంకాలు, వెండిలాంటి పొట్ట. మెల్లగా, తక్కువ ఎత్తులో వచ్చింది.

"ఒకపాలి కాదే టీచరమ్మా. పొలం దున్నినట్టు అటూ ఇటూ, అటూ ఇటూ. సాలు పక్కన సాలు. మా గుంటలందరం పొలంలోకి పరిగెత్తి సేతులూపినాం. అంత అందమైనది నాను మల్లీ సూడనేదు."

అది ఆ ఊరిని ఫొటోలు తియ్యడానికి వచ్చింది. ఆ తరవాత భూమి కొలిచే జెండాలూ గొలుసులూ పట్టుకుని మనుషులొచ్చారు. ఆ తరవాత ఏటికి అడ్డంగా ఆనకట్ట లేచింది. ఊరూ, సోళ్ళ పొలమూ నీళ్ళ కిందకి పోయాయి. తలో దిక్కూ చెదిరిపోయిన జనంలో ఈమె ఇటు వచ్చి పడింది.

"ఆ ఫొటోలో నానున్నాను," అంది. "సెయ్యూపుతన్నాను. ఎక్కడో ఉంటాది గదా అది? మా ఊరిని తీసినాడు, మాకు సూపించనేదు."

"కోపం లేదా అప్పా, దాని మీద?"

"ఎందుకు నేదు? ఉంది. బాగున్నాదది కూడాను. రెండూ ఉండకూడదేటి?" తట్టలోంచి పచ్చికాయ ఒకటి ఏరి విసిరేసింది. "పొట్టే సూసినాను. మొకం సూడనేదు. ఆడేమో నన్ను పైనుంచి తనివితీరా సూసి పోనాడు. నాను ఆడి మొకం సూడాల. ఎదురుగా నిలబడి సూడాల."

నా దగ్గరున్న పుస్తకంలో బొమ్మలు చూపించాను. వేలు పెట్టి ఆపింది. డకోటా. అలాంటివి ఇప్పుడు ఎగరడం ఎక్కడో ఒకటీ అరా తప్ప లేదని చెప్పాను. "ఉంటే వత్తాడు," అంది, అంతే.

వచ్చింది. విశాఖ బీచిలో జరగబోయే ప్రదర్శనకు, బాగుచేసిన పాత డకోటా ఒకటి వస్తోందని పేపర్లో చదివి, ఆ రోజు బడి వదలగానే కొండెక్కాను. వార్త చెప్పాను. అదే విమానం కాదు, ఆ రకం విమానమని కూడా చెప్పాను. "రకం అదే గదా. ఆడి తమ్ముడైనా సరే," అంది. అప్పటికప్పుడు ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టింది. సిగ్గుపడుతున్న కోడల్ని కూడా బయల్దేరదీసింది.

పాసింజరు రైల్లో కొండ దిగాం. సొరంగం వచ్చిన ప్రతిసారీ అందరూ కేకలు పెట్టారు, ఆమె తప్ప. ఆమె కిటికీ పక్కన గడ్డం ఎత్తుకుని కూర్చుంది. అందరూ ఉన్నవాటిలో మంచి చీరలు కట్టుకున్నారు. మోకాళ్ళ కిందకి, భుజం మీద ముడి వేసి, ఒక్కలాంటి చీరలు. ముక్కుకి మూడేసి పోగులు, తలలో పువ్వులు, కాళ్ళకు కడియాలు. పెళ్ళికి వెళ్ళినా వాళ్ళు అలాగే వెళతారు. ఆ అలంకారమే ఇబ్బంది తెచ్చిపెడుతుందని నాకు తట్టలేదు.

బీచిలో పెందలాడే చేరి నీళ్ళకు ఎదురుగా, తాడు కట్టిన చోట ముందు వరసలో కూర్చున్నాం. మా పక్కన నాలాంటి పిచ్చివాళ్ళే, మూరెడు పొడుగు కెమెరాలతో. ఒక బ్యాంకాయన రాజమండ్రి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చాడట. బేగీలు వచ్చి నిప్పులు కక్కుకుంటూ నిలువునా పైకి లేచినప్పుడు, ఆయనా నేనూ ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గంతులేశాం. తరవాత గుర్తొచ్చి వదిలేశాం. ఆయన కెమెరా ఒకసారి అప్ప వైపు తిరిగింది. ఆమె అరచెయ్యి అడ్డం పెట్టి గడ్డం పైకెత్తింది. "నన్ను గాదు బాబూ, పైన తియ్యి." ఆయన నొచ్చుకోలేదు. బుద్ధిగా పైన తీసుకున్నాడు.

అప్పుడొచ్చాడు, మెడలో కార్డు వేలాడేసుకుని, చేతిలో వాకీటాకీతో, ప్రదర్శన ఏర్పాట్లు చూసే పెద్దమనిషి.

"ఇక్కడ కూర్చున్నారేంటి? స్టేజీ వెనక ఉండమన్నాం కదా! వ్యాను ఎప్పుడొచ్చింది?"

ఎవరనుకుంటున్నారని అడిగాను. కొండ ఆడవాళ్ళు వరసకట్టి ఆడే థింసా బృందం అనుకుంటున్నాడు. కాదని చెప్పాను. చూడ్డానికి వచ్చామని చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. అసలు బృందం వ్యాను ఘాట్‌రోడ్డులో చెడిపోయిందట. ముఖ్య అతిథి కారు దిగేసరికి స్వాగతం పలకాలట. మా వాళ్ళ చీరల వైపూ కడియాల వైపూ చూసి, గొంతు తగ్గించాడు.

"వీళ్ళకి థింసా వచ్చు కదా మేడం. కాస్సేపు ఆడమనండి. భోజనాలు పెట్టిస్తాం."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. పాత విమానం వచ్చే టైముకి ఆయన దిగుతారు. స్టేజీ వెనక రెడీగా ఉండాలి."

స్టేజీ వెనక అంటే డేరా. అక్కడినుంచి సముద్రమూ కనబడదు, ఆకాశమూ కనబడదు. అప్పకి చెప్పాను. ఆమె ఆయన్ని కాళ్ళనుంచి తలదాకా చూసింది.

"మేం ఆడ్డానికి రానేదు బాబూ. సూడ్డానికొచ్చినాం."

"తరవాత చూద్దురుగానమ్మా. ఇంకా చాలా వస్తాయి."

"నాకు గావలిసినోడు ఒక్కడే. ఆడు తరవాత రాడు."

ఆయనకు కోపమొచ్చింది. ఈ వరసకు పాసులుండాలన్నాడు. పాసుల్లేకపోతే లేచి వెనక్కి పొమ్మన్నాడు. పొద్దున్నుంచీ మేం అక్కడే ఉన్నాం, ఎవరూ ఏ పాసూ అడగలేదు.

"ఇసకకి పాసేటి?" అంది అప్ప. ఇంకొంచెం ముందుకు జరిగి కూర్చుని, పక్కనున్న కోడలి వీపు వెనకనుంచి చెయ్యి పోనిచ్చింది. కోడలి చెయ్యి ఆ పక్కదాని వీపు వెనక్కి పోయింది. అలా వరసంతా. థింసాలో చేతులు పెనవేసుకునేది అలాగే. ఆ గొలుసు పట్టుకుని వాళ్ళు పొద్దస్తమానం ఆడగలరు. ఆ రోజు ఆడకుండా అదే గొలుసుతో ఇసకలో కూర్చుండిపోయారు. ఎవరినైనా ఒకరిని లేపాలంటే అందరినీ లేపాలి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "బీచి నిండా ఇంత జనం ఉన్నారు. వాళ్ళలో ఎవరినైనా ఆడమన్నారా? ఆ బ్యాంకాయన్ని ఆడమనండి. నన్ను ఆడమనండి. పోనీ మీరే ఆడండి. కొండమీద నుంచి వచ్చినవాళ్ళకి కళ్ళుండవా, కాళ్ళే ఉంటాయా?" అని అరిచాను. బళ్ళో అరిచి అరిచి బాగా సాగిన గొంతు నాది. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. బ్యాంకాయన కెమెరా దించి, వచ్చి మా పక్కన ఇసకలో కూలబడ్డాడు. "వీళ్ళు మాకన్నా ముందొచ్చారండి. లేపితే మమ్మల్నీ లేపండి," అన్నాడు. ఇంకో ఇద్దరు కెమెరాలవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు.

పెద్దమనిషి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాడు. ఏమనబోయాడో తెలియదు. భీమిలి వైపునుంచి మోత వినిపించింది.

బేగీల మోత కాదు. బరువుగా, నిదానంగా, ఎక్కడో దూరాన పిండిమర తిరుగుతున్నట్టు. అప్ప లేచి నిలబడింది. చేతులు వదల్లేదు కాబట్టి వరసంతా ఆమెతోపాటే లేచింది. ఒడ్డు వెంబడే, నీళ్ళమీద తక్కువ ఎత్తులో వచ్చిందది. రెండు పంకాలు, వెండి పొట్ట, గుండ్రటి ముక్కు, ముక్కు పైన రెండు కళ్ళలాంటి అద్దాలు. మా ఎదురుగా వచ్చేసరికి కొంచెం ఒరిగింది. అద్దం వెనక మనిషి తల కూడా కనిపించింది. వెళ్ళింది. దూరాన తిరిగి మళ్ళీ వచ్చింది, ఇంకో సాలు దున్నడానికన్నట్టు. ఆమె గడ్డం దాంతోపాటే అటూ ఇటూ తిరిగింది. వాకీటాకీ పెద్దమనిషి కూడా నోరు తెరుచుకుని పైకే చూస్తున్నాడు. చూడకుండా ఎవరుండగలరు?

అది సముద్రంలోకి మళ్ళి చిన్నదైపోయింది. ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను.

"చూశావా అప్పా?"

"సూసినాను. ముసిలోడైపోనాడు, నాలాగే." అటే చూస్తూ మళ్ళీ అంది, "ఈపాలి సెయ్యూపనేదు నాను. అప్పుడు ఆడు నన్ను సూసినాడు. ఇయ్యాల నాను ఆడ్ని సూసినాను. సెల్లుకి సెల్లు."

అంతటితో ఊరుకుంటే ఆమె ఇమానాలప్ప ఎందుకవుతుంది? "పజోరొక్కటే మిగిలిపోనాది," అని గొణిగింది.

నవ్వబోయాను గాని ఆమె నవ్వడం లేదు. ఆకాశంలో రంగురంగుల గొడుగులు విచ్చుకున్నాయి. పారాచూట్లతో దూకిన సైనికులు ఒక్కొక్కరే ఇసకమీద వాలుతున్నారు. వాళ్ళలో ఒకడు గాలికి కొంచెం పక్కకొచ్చి, మాకు నాలుగు బారల దూరంలో దిగాడు. గొడుగు చుట్టి భుజాన వేసుకుని, మా ముందునుంచే స్టేజీవైపు నడిచాడు. అప్ప తాడు కిందనుంచి దూరింది. కోడలి భుజాన ఉన్న తువ్వాలు లాగి మెలిపెట్టి, ఒక కొస తను పట్టుకుని, రెండో కొస కోడలి చేతిలో పెట్టింది. కోడలు సిగ్గుతో తల దించుకునే పట్టుకుంది. తువ్వాలు అతని నడుముకు అడ్డంగా బిగిసింది.

అతను ఆగాడు. నవ్వాడు. తెలుగు రాదు. నాకొచ్చిన హిందీలో చెప్పాను, "మా నెత్తిమీద నుంచి వచ్చావట. పజోరు ఇచ్చి వెళ్ళాలట."

అతను ఒంటిమీది దుస్తులు తడుముకుని, ఖాళీ చేతులు చూపించాడు.

"నేకపోతే ఆడాల," అంది అప్ప. "మావూల్లో రూలది."

అదీ చెప్పాను. అతను నావైపూ, ఆమెవైపూ, తువ్వాలువైపూ చూశాడు. పెద్దమనిషి పరుగెత్తుకొచ్చి, "సార్, రండి సార్, వదిలెయ్యండి వీళ్ళని," అంటున్నాడు. ఆ కుర్రాడు భుజం మీది పారాచూటు తీసి ఇసకమీద పెట్టాడు. దానిమీద హెల్మెట్టు పెట్టాడు. చేతులు రెండూ బార్లా చాపాడు.

మా వాళ్ళు పాట అందుకున్నారు. అడుగు మాత్రం ఎవరూ వెయ్యలేదు. అతనొక్కడే బూట్లతో ఇసకలో కూరుకుపోతూ, తూలుతూ, తప్పుగా తొక్కుతూ ఆడాడు. "కుడికాలు బాబూ, కుడికాలు ముందు!" అని కోడలు ఉన్నట్టుండి అరిచి, తన గొంతుకు తనే బెదిరిపోయింది. దిగిన మిగతా సైనికులు కూడా వచ్చి అతని పక్కన చేరారు. బీచిలో కెమెరాలన్నీ వాళ్ళ మీదికి తిరిగాయి. అప్ప తువ్వాలు కొస వదిలి, ఇసకలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, మా ఊరొచ్చిన టూరిస్టులు ఆమెవాళ్ళను చూసినట్టు తీరిగ్గా, తలాడిస్తూ చూసింది. ముఖ్య అతిథి కాస్త ఆలస్యంగా వచ్చి కారు దిగింది అప్పుడే. ఆయనకు థింసాతో స్వాగతం పలకాలన్నారు కదా, ఆ లోటు కూడా తీరింది.

పాటయ్యాక ఆమె లేచి, ఆ కుర్రాడి నెత్తిన చెయ్యి పెట్టింది. "పో బాబూ. ఇంక ఆకాశమంతా నీదే. బేగి బేగి పోకు, సూసుకుంటా పో," అంది. ఇది నేను హిందీలో చెప్పలేకపోయాను. అతనికి అర్థమైనట్టే ఉంది, వంగి ఆమె కాళ్ళు తాకాడు.

తిరుగు రైల్లో అందరూ నిద్రపోయారు. ఆమె మాత్రం కిటికీ వదల్లేదు. "ఒక్కడి దగ్గిర వసూలైనాది. తతిమ్మావోల్లు తప్పించుకు తిరుగుతన్నారు," అంది. తరవాత వచ్చిన ఇటుకల పండక్కి వెదురు పట్టుకుని మళ్ళీ కొండ కొసకెక్కింది. ఊరు మునుపటంత నవ్వలేదు.

నిన్న రాత్రంతా ఇవే తలుచుకున్నాను. మనసు నిలవక ఇవాళ పొద్దున్నే కొండెక్కాను. తోటలో అడుగుపెట్టగానే ఆగిపోయాను. ఆమె కిటికీ పక్కన నల్ల సంచుల్లో సిల్వరోకు మొక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. కోడలు గునపంతో గోతులు తీస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"ఆఫీసరు ఇచ్చెల్లినాడు. పాతుతన్నాను."

"ఇక్కడా?"

ఆమె నావైపు వింతగా చూసింది. "కన్నం మద్దిలో కాదు టీచరమ్మా, సుట్టూ. అంచు సెట్లు పడిపోతే కన్నం గుండ్రం సెదిరిపోతాది గదా. మద్దిలో పాతితే మా అత్త ఊరుకుంటాదా?"

అప్పుడు చూశాను. గోతులన్నీ అంచు వెంబడే ఉన్నాయి. నడుమ ఆకాశం నడుమే ఉంది, పసుపెక్కిన మొక్కలతో సహా. ఆమె మళ్ళీ గునపం ఎత్తింది.

అప్పుడే మోత వినిపించింది. నిన్నటి జతే కాబోలు, సముద్రంవైపునుంచి దూసుకొస్తున్నాయి. ఇద్దరం గడ్డాలెత్తాం. అరుద్దామని నేను నోరు తెరిచేలోపే, కొంగు నోట్లో కుక్కుకునే ఆ మనిషి, అత్తను దిగమని ఏటేటా బతిమాలిన ఆ మనిషి, గునపాన్ని రెండు చేతులతో నెత్తిమీద అడ్డంగా పట్టుకుని, మెడ నరాలు తేలేలా అరిచింది.

"ఒరే! మా అత్త పోనాదని ఊరికే పోదామనుకుంతన్నారేటి? ఆగండ్రా! పజోరిచ్చి ఎల్లండి!"

నేనూ అందుకున్నాను. ఇద్దరం కలిసి అరిచాం. విమానాలు ఆగలేదు గాని, వాటి మోత సద్దుమణిగేసరికి అవతలి కొండమీది తోటలోంచి ఇంకెవరో ఆడమనిషి అదే మాట అరవడం మా ఇద్దరికీ వినిపించింది.